సాయంత్రం అంకె

"ఈ పుస్తకంలో ఏడు అని ఉంది. కాలు చూస్తే పద్నాలుగు అంటోంది. ఏది నమ్మమంటావు నన్ను?"

ఆడపడుచు నోటుబుక్కును మంచం మీద పడేసింది. అది అత్తగారి పాదాల దగ్గర పడింది. పేజీలు కాస్త కదిలి, మళ్ళీ అదే పేజీ దగ్గర తెరుచుకుని ఆగాయి.

కోడలి కళ్ళు ఫిజియోథెరపీ అమ్మాయి చేతిలోని కొలబద్ద మీద ఉన్నాయి. రెండు ప్లాస్టిక్ పట్టీలు మధ్యలో ఒక మేకుతో కలిసి ఉండే ఆ కొలబద్ద ఎవరి పక్షమూ మాట్లాడదు.

"ఇంకోసారి కొలవండి" అంది.

ఫిజియోథెరపీ అమ్మాయికి ఇంకా మూడిళ్ళు తిరగాల్సి ఉంది. భుజాన సంచి తియ్యకుండానే వంగి, ఒక పట్టీని తొడకు, ఇంకో పట్టీని పిక్కకు ఆనించి చూసింది.

"పద్నాలుగే అక్కా. పోయిన శుక్రవారం పదమూడు. తగ్గాల్సింది పెరుగుతోంది."

"డిగ్రీలమ్మాయి వచ్చిందంటే చాలు, ఇంట్లో అందరికీ జ్వరమే" అంది అత్తగారు, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ.

మామూలు రోజైతే నవ్వేవాళ్ళు. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

అత్తగారి కుడి మోకాలికి ఆపరేషనై ఐదో వారం. వంగడం బాగానే వచ్చింది. కుర్చీలో కూర్చుంటోంది, కర్ర పట్టుకుని వంటింటిదాకా నడుస్తోంది. చాపడమే రావడం లేదు. కాలు పూర్తిగా చాపితే సున్నా. ఈమె కాలు చాపి పడుకుంటే మోకాలి కింద పిడికిలి దూరేంత ఖాళీ మిగులుతోంది.

గురువారం సాయంత్రం పెద్ద డాక్టరు చూస్తానన్నాడు. అప్పటికి పదిలోపు రాకపోతే మళ్ళీ మత్తిచ్చి కాలు సాగదీయాల్సి ఉంటుందన్నాడు. మొదటిసారి మత్తు దిగడానికే అత్తగారికి రెండు రోజులు పట్టింది. కన్న కూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా మీరు, కొలతలివ్వడానికొచ్చారా?" అని అడిగింది. కుట్టు మిషను మీద నలభై ఏళ్ళు బడిపిల్లల యూనిఫాంలు కుట్టిన మనిషి ఆమె. మత్తులో కూడా టేపు కోసమే వెతుక్కుంది. ఆ రెండు రోజులనూ ఆడపడుచు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆమె కోపమంతా అక్కణ్ణించి వచ్చిందేనని కోడలికి తెలుసు.

"మోకాలి కింద దిండు గానీ పెట్టట్లేదు కదా?" అంది ఫిజియోథెరపీ అమ్మాయి. "పెడితే హాయిగానే ఉంటుంది. ఆ హాయిలోనే కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. అందుకే గోడ మీద రాసి పెట్టాను."

మంచానికి ఎదురుగా గోడ మీద కాగితం ఉంది. ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో: మోకాలి కింద దిండు పెట్టరాదు.

"ఇంట్లో దిండ్లన్నీ అల్మారాలో పెట్టి తాళం వేశాను" అంది కోడలు. "తలకి పెట్టుకునే ఒక్కటే బయట ఉంది."

"మరి ఈ మచ్చేంటమ్మా, మోకాలి వెనక? గుండ్రంగా అచ్చేసినట్టుంది."

"ఏదో కుట్టుంటుందిలే." అత్తగారు దుప్పటి లాక్కుంది.

అంత గబుక్కున లాక్కోవాల్సిన అవసరమేమిటో కోడలికి అర్థం కాలేదు. కానీ గుర్తుపెట్టుకుంది.

మామగారు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఒక కాలు గదిలో, ఒక కాలు హాల్లో. ముప్పై ఒక్కేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇంట్లో మాత్రం ఎప్పుడూ అలా దిగిపోయే ప్రయాణికుడిలాగే నిలబడతాడు. భార్యాభర్తలిద్దరూ సూటిగా మాట్లాడుకుని తొమ్మిదేళ్ళయింది. కబుర్లన్నీ కోడలి మీదుగానే నడుస్తాయి. "మీ డ్రైవరు మామగారికి టీ కావాలేమో అడుగు" అని ఈమె. "మీ అత్తయ్య మాత్ర వేసుకుందేమో కనుక్కో" అని ఆయన. వాళ్ళ మధ్య దూరం మంచానికీ గుమ్మానికీ ఉన్నంతే.

ఫిజియోథెరపీ అమ్మాయి వెళ్ళిపోయాక ఆడపడుచు మళ్ళీ అందుకుంది.

"చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వస్తే బెత్తం తిరగేసేది అమ్మ. ఇప్పుడు సున్నా కోసం అందరం ఏడుస్తున్నాం. ఆ సున్నా కూడా తేలేకపోతున్నావు నువ్వు."

"నేను రాసినవి నిజం అంకెలే వదినా. పొద్దున ఎనిమిదిన్నరకి, బడికి వెళ్ళేముందు కొలిచి రాస్తున్నాను."

"నిజం అంకెలైతే, పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఏడు డిగ్రీలు ఎవరెత్తుకెళ్ళారు? పక్కింటివాళ్ళా?"

కోడలు దుప్పటి అంచు సర్దింది.

"తమ్ముడు ఊళ్ళో లేడు, పని ముగించుకుని వచ్చేసరికి ఆదివారం అవుతుంది. వాడొచ్చేదాకా చూస్తూ కూర్చోను. బుధవారం కూడా ఇలాగే ఉంటే అమ్మని మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను. నేను దగ్గరుండి చేయించుకుంటాను."

"మీది మూడో అంతస్తు కదా."

"కుర్చీలో కూర్చోబెట్టి మోయిస్తాను. నీ అంకెల కంటే ఆ మెట్లే నయం."

మామగారు గుమ్మంలోంచి రెండో కాలు కూడా హాల్లోకి తీసుకున్నాడు.

అత్తగారు ఫ్యాను చూస్తూనే ఉంది. వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు.

*

మంగళవారం పొద్దున కోడలు మళ్ళీ కొలిచింది. ఆమె కొలిచేది బడిపిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానినితో. బడి ఆఫీసులో గుమాస్తా ఆమె. పోయినేడు పిల్లలెవరో మరిచిపోయి వెళ్ళిన పెట్టె, అడిగేవాళ్ళు లేక ఆమె బల్ల సొరుగులో ఉండిపోయింది. దారానికి రెండు పెన్సిళ్ళు కట్టి, కోణమానిని మధ్యకు ముడివేసి, తనకు తానే పరికరం చేసుకుంది.

"ఎంతే?" అంది అత్తగారు.

"ఏడు."

"మీ వదిన నమ్మదు."

"నమ్మదు."

"నీకు కోపం రాదే?"

"వస్తుంది అత్తయ్యా. కాస్త ఆలస్యంగా వస్తుంది."

అత్తగారు ఈసారి నవ్వింది.

గొడుగు కోసం తలుపు వెనక చెయ్యి పెట్టినప్పుడు కోడలికి మామగారి పాత కోటు తగిలింది. ఖాకీ రంగు, లోపల దూది పెట్టి కుట్టింది. చలిరాత్రుల బస్సు కోసం అత్తగారే ఎప్పుడో కుట్టిచ్చింది. ఆయన ఉద్యోగం మానేసిన రోజు నుంచీ ఆ కొక్కెం దిగలేదు. ఇప్పుడు మాత్రం అడ్డంగా ముడతలు పడి ఉంది, ఎవరో చాపలా చుట్టి విప్పినట్టు. రెండో గుండీ దారం వదులై వేలాడుతోంది. ఇత్తడి గుండీ. దాని మీద చక్రం బొమ్మ, చక్రానికి ఆకులు.

కోడలు గుండీని బొటనవేలితో అరచేతికి గట్టిగా నొక్కింది. తీసి చూసుకుంది. గుండ్రటి మచ్చ, మచ్చలో గీతలు.

సగం అర్థమైంది. మిగతా సగం కోసం బడిలో పూట సెలవు అడిగింది.

ఒంటిగంటన్నరకు ఆమె ఇంటికి వచ్చినప్పుడు వీధి తలుపు ఓరగా వేసి ఉంది. చెప్పులు బయటే విడిచింది. పిలుద్దామని నోరు తెరిచి, లోపల రెండు గొంతులు వినిపించి ఆగిపోయింది.

ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట రెండు గొంతులు ఉండవు.

గది తలుపు సందులోంచి మంచం కనబడింది. అత్తగారు వెనక్కి ఆనుకుని ఉంది. ఒళ్ళో చిన్న చొక్కా ఒకటి, దాని అంచు మడిచి చేత్తో కుడుతోంది. కుడి మోకాలి కింద చుట్టిన ఖాకీ కోటు. పక్కన ఎత్తు పీట మీద మామగారు. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. సూదిని వెలుతురు వైపు పట్టుకుని దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించినవి నాలుగైదు సూదులు అప్పటికే దూదిముద్దకు గుచ్చి ఉన్నాయి, ఒక్కోదానికీ దారం తోకలా వేలాడుతూ.

"బస్సు తలుపంత కంత ఉంటే తప్ప ఎక్కదు మీకు" అంటోంది అత్తగారు.

"ఎక్కింది చూడు."

"ఎక్కిందిలెండి. పొడుగ్గా తెంపారు. ముడి పడుతుంది."

ఆయన దారం కొంచెం తుంపాడు. సూది గుడ్డలోంచి వచ్చే చప్పుడు కూడా వినబడేంత నెమ్మది.

"ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది నేను" అన్నాడు మామగారు.

అత్తగారు కుట్టడం ఆపలేదు.

"ఇంకో సూదికి ఎక్కించండి" అంది.

కోడలు చప్పుడు కాకుండా వెనక్కి నడిచింది. చెప్పులేసుకుంది. మలుపు దాకా వెళ్ళి, మందులషాపు ముందు నీడలో కాసేపు నిలబడి, తిరిగొచ్చి ఈసారి గేటు గట్టిగా లాగింది.

ఆమె గదిలోకి వచ్చేసరికి పీట ఖాళీగా ఉంది. కోటు కొక్కేనికి ఉంది, ఇంకా కొద్దిగా ఊగుతూ.

"తొందరగా వచ్చావే?" అంది అత్తగారు.

"పూట సెలవు పెట్టాను."

అత్తగారు ఆమెనూ చూసింది, ఊగుతున్న కోటునూ చూసింది. చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"చూశావా?"

"చూశాను."

"మీ వదినకి చెప్పకు."

"గోడ మీద రాసి ఉంది కదా అత్తయ్యా."

"దిండు పెట్టరాదని రాశారు. కోటు సంగతి రాయలేదు." అని, కోడలి మొహం చూసి, "ఆయనా అదే అన్నాడు మొదటి రోజు. చట్టం తెలిసిన డ్రైవరు" అంది.

కోడలు పీట మీద కూర్చుంది. పీట ఇంకా వెచ్చగా ఉంది.

"మళ్ళీ మత్తిస్తారు అత్తయ్యా. ఈసారి ఎన్ని రోజులు పడుతుందో."

"ఇవ్వనీ."

"ఎందుకు ఇవ్వనివ్వాలి?"

అత్తగారు దుప్పటి అంచును వేళ్ళతో కొలిచింది.

"తొమ్మిదేళ్ళ కిందట, చుట్టాలందరూ ఉన్న రోజు, కింద కూర్చోలేక, నొప్పిగా ఉందని కుర్చీ అడిగాను. పని తప్పించుకోవడానికి ఈమెకి మోకాలి వేషం వస్తూ ఉంటుంది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి నొప్పి అనే మాట ఆయన ముందు నా నోటంట రాలేదు. ఆ కాలితోనే మిషను తొక్కాను. ఏడాదికి మూడొందల నిక్కర్లు."

"తెలుసు."

"ఆపరేషనుకి ముందు డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూపించాడుగా. ఎముకకి ఎముక రాసుకుపోయింది, ఈవిడ ఇన్నాళ్ళూ ఎలా నడిచిందండీ అని ఆయన్నే అడిగాడు. బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు చూడు, పిలిస్తే గానీ లేవలేదు. మూడో వారంలో ఓ మధ్యాహ్నం వచ్చి, నొప్పిగా ఉందా అన్నాడు. నన్నే అడిగాడే. నీ మీదుగా కాదు. ఉందన్నాను. చుట్టూ చూశాడు. దిండ్లన్నీ నువ్వు తాళం వేశావు. కోటు తెచ్చాడు. వద్దని ఎలా అంటాను?"

కోడలు తాళం చెవిని ఒకసారి తడుముకుంది.

"కాలు తిన్నగా చాపేస్తే ఆయనకి ఇక్కడ పనేముంటుంది? లేచి గుమ్మంలోకి వెళ్ళిపోతాడు."

"ఆయనకి చెప్పారా, దానివల్ల చెడు జరుగుతోందని?"

"ఏమని చెప్పను? మొదటిసారి మీరు చేసిన మంచిపనీ తప్పేనని చెప్పనా?"

హాల్లో మామగారు దగ్గాడు. దగ్గు వచ్చి కాదు, తానున్నానని చెప్పడానికి.

ఇద్దరూ మాట మార్చారు.

*

బుధవారం సాయంత్రం ఆడపడుచు సంచి తెచ్చింది. ఖాళీ సంచి.

ఫిజియోథెరపీ అమ్మాయి కొలిచింది. చూసింది. మళ్ళీ కొలిచింది.

"పదమూడు."

"పుస్తకంలో?" అంది ఆడపడుచు.

"ఏడు" అంది కోడలు.

"ఇంకా ఏడేనా? సిగ్గు లేకుండా రాస్తున్నావే."

ఆలస్యంగా వచ్చే కోపం కోడలికి ఇప్పుడు వచ్చింది. ఒక్క మాట చాలు. తలుపు వెనక్కి వేలు చూపిస్తే చాలు. గుండీ ఉంది, మచ్చ ఉంది. ఆ డిగ్రీలు ఎవరెత్తుకెళ్ళారో ఈ క్షణంలో తేలిపోతుంది.

మంచం మీంచి అత్తగారు ఆమెనే చూస్తోంది. వద్దని కళ్ళతో కూడా అనడం లేదు. ఊరికే చూస్తోంది. గుమ్మంలో మామగారు సగం లోపల, సగం బయట.

"అల్మారా తాళమివ్వు, చీరలు సర్దాలి" అంది ఆడపడుచు.

కోడలు తాళం ఇవ్వలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి వైపు తిరిగింది.

"నాకొకటి చెప్పండి. మోకాలి కింద ఏదీ పెట్టకూడదు, సరే. పెట్టే తీరాలి అనుకుంటే, ఎక్కడ పెడితే మంచిది?"

"అదేం ప్రశ్న అక్కా?"

"ఎత్తుగా ఏదైనా పెట్టి, పక్కన ఒక మనిషి కూర్చోవాలి. అలాంటి పని ఏదైనా ఉందా?"

ఫిజియోథెరపీ అమ్మాయి ఒక నిమిషం ఆమె మొహం చదివింది. రోజుకు ఆరిళ్ళు తిరిగే పిల్ల, ఇళ్ళు కొత్త కాదు. సంచి భుజం మీంచి దించి కింద పెట్టింది.

"ఉంది. మడమ కింద. ఇంకో వారం పోయాక చేయిద్దామనుకున్నాను, నొప్పి ఎక్కువని. మడమ కింద చుట్ట పెట్టి వదిలేస్తే మోకాలు తన బరువుకి తనే కిందికి దిగుతుంది. పూటకి పది నిమిషాలు, మూడు పూటలు."

"ఇప్పుడు మొదలుపెడితే రేపటికి పదిలోపు వస్తుందా?" అంది ఆడపడుచు.

"రావచ్చు. రాకపోనూవచ్చు. మధ్యాహ్నం పూట ఏం జరుగుతోందో ముందు అది ఆగాలి." ఎవరి వైపూ చూడకుండా అంది. "కానీ పక్కన ఒక మనిషి ఉండాలి. జాలిపడని మనిషి. మూడో నిమిషానికి తీసెయ్యమంటారు, అందరూ అంటారు. తీస్తే లాభం లేదు."

"నేను కూర్చుంటాను" అంది ఆడపడుచు.

"నువ్వు సూది మందు చూస్తేనే కళ్ళు మూసుకుంటావు" అంది అత్తగారు.

అప్పుడు గుమ్మం దగ్గర అలికిడైంది. మామగారు తలుపు వెనక నుంచి కోటు తీశాడు. మంచం దగ్గరకొచ్చాడు, రెండు కాళ్ళతోనూ.

"దీంతో పనవుతుందా అమ్మా?" అని ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగాడు.

కోటు ఆయన చేతుల్లో దానంతటదే చుట్టుకుంది. అలవాటైన మడత. ఆడపడుచు ఆ మడతను చూసింది, వేలాడుతున్న గుండీని చూసింది. దుప్పటి తొలగించి తల్లి మోకాలి వెనక చూసింది. ఆమె మొహంలో ఒక్కొక్కటే అతుక్కోవడం కోడలికి కనబడింది.

"నాన్నా."

"పుస్తకంలో అంకెలు నిజమేనమ్మా" అన్నాడు మామగారు. "పొద్దుటి అంకె అమ్మాయి రాసింది. సాయంత్రం అంకె నాది."

ఖాళీ సంచి ఆడపడుచు చేతిలోంచి ఎప్పుడు జారిందో ఆమెకే తెలియలేదు. కోడలి వైపు తిరిగి ఏదో అనబోయింది. మంచం మీది నోటుబుక్కు తీసి, మడత పడ్డ పేజీ మూలను గోటితో సాపు చేసి, కోడలి చేతిలో పెట్టింది.

ఫిజియోథెరపీ అమ్మాయి కోటును మడమ కింద అమర్చింది. పిక్క కింద, మోకాలి కింద ఖాళీ. కాలు గాలిలో వంతెనలా నిలిచింది. అత్తగారు ఊపిరి బిగబట్టింది.

"పది నిమిషాలు. గడియారం చూసుకోండి తాతగారూ" అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. ఇంకా మూడిళ్ళున్నాయి.

మామగారు పీట లాక్కుని కూర్చున్నాడు. గుండీ మడమకు గుచ్చుకుంటుందేమోనని రెండు మెలికలు తిప్పి తెంపాడు. ఎక్కడ పెట్టాలో తోచక భార్య అరచేతిలో పెట్టాడు. ఆమె పిడికిలి మూసింది.

ఒక నిమిషం. రెండు. ఆడపడుచు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

నాలుగో నిమిషంలో అత్తగారి నుదుటి మీద చెమట పట్టింది.

"తీసెయ్యండి" అంది.

ఆయన గడియారం చూశాడు.

"నొప్పిగా ఉంది. తీసెయ్యండి."

ఆయన చెయ్యి కోటు మీదకు వెళ్ళింది. కొంచెం లాగితే చాలు, వచ్చేస్తుంది.

"ఆ రోజూ నొప్పిగా ఉందనే అన్నాను" అంది అత్తగారు, ఆయన కళ్ళలోకి చూస్తూ.

"అన్నావు."

"వేషం అన్నారు."

"అన్నాను."

"ఇప్పుడేమంటారు?"

కోడలు చేతిలో పుస్తకం పట్టుకుని గోడకు ఆనుకుంది. బుధవారం వరుసలో సాయంత్రం గడి ఇంకా ఖాళీగానే ఉంది. గడియారంలో ఆరు నిమిషాలు మిగిలాయి. మామగారి చెయ్యి కోటు మీదే ఉంది, లాగడమూ లేదు, వదలడమూ లేదు. గుండీ పట్టుకున్న పిడికిలి బిగిసి తెల్లబడుతోంది.